వెంట్రుక అబద్ధమాడదు

“అమ్మా, ఒకటి సూటిగ అడుగుత, ఏమనుకోకుండ్రి. మీరు గంజాయి తాగుతరా?”

డాక్టర్ శ్యామలాదేవి కోప్పడలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

“ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ దాని మీదే పనిచేస్తున్నానండీ. ఎంత తాగితే గుండె దడ పుడుతుందో, ఎన్నాళ్ళు తాగితే మతి చెడుతుందో, అందులో ఏం కలిపితే మనిషి పోతాడో అంతా నా పుస్తకంలో ఉంది. కానీ దాని రుచేంటో నాకు తెలీదు.”

“మరి మీ వెంట్రుకలల్ల ఎట్లొచ్చింది?”

“అదే నాకూ అర్థం కావట్లేదు.”

ఆమె లాయరు పంపిన ప్రైవేట్ డిటెక్టివ్ నర్సింహ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. ఆరింటికల్లా ఇన్‌స్పెక్టర్ రఘునందన్ అరెస్టు చేయడానికి వస్తాడు. ఆ సంగతి పొద్దున టీవీ మైకుల ముందు అతనే చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, ‘గంజాయి మేడమ్’ అని ఓ పేరు కూడా తగిలించాడు. మధ్యాహ్నానికల్లా ఆ పేరు అందరి ఫోన్లలోకీ ఎక్కేసింది.

కేసు ఇదీ. జూబ్లీహిల్స్‌లోని ఈ ఇంట్లో శ్యామలాదేవి పైన ఉంటుంది, కింద ఆమె పరిశోధన కేంద్రం. ప్రభుత్వ లైసెన్సుతో గంజాయి నమూనాలను అక్కడ గాజు సీసాల్లో భద్రపరుస్తారు. పోయిన వారం అధికారులు వచ్చి తూకం వేస్తే, నెల కిందటి తూకం కంటే సరుకు తగ్గింది. వెంటనే పోలీసులు కేంద్రం తాళాలున్న ఇద్దరి వెంట్రుకలూ పరీక్షకు పంపారు. ఒకరిది శుభ్రంగా ఉంది. ఇంకొకరిది, అంటే ఈమెది, గంజాయి వాడుతున్నట్టు చెప్పింది.

“వెంట్రుక చూసి చెప్పుడేందమ్మా? పక్కోడు తాగితె ఆ పొగ మనకంటదా?”

“అంటుతుంది. అక్కడే అందరూ పొరబడేవాళ్ళు.” పాఠం చెప్పడం మొదలయ్యేసరికి ఆమె గొంతులో కాస్త జీవం వచ్చింది. “పొగ అంటితే పైపైనే ఉంటుంది, కడిగితే పోతుంది. అదే మనిషి తాగాడనుకోండి, ఒంట్లోకెళ్ళాక అది వేరే పదార్థంగా మారుతుంది. ఆ మారిన పదార్థం పొగలో ఉండదు. రక్తంలోంచి కుదుళ్ళకెక్కి, వెంట్రుకతో పాటు పెరుగుతుంది. ముందు కడిగి, తర్వాత దాన్ని వెతకాలి. ఆ పద్ధతి ఎలా చేయాలో అచ్చులో పెట్టింది నేనేనండీ. దాని వల్ల ఊరికే ఇరుక్కున్న కుర్రాళ్ళు బయటికొచ్చారు. నిజంగా తప్పు చేసినవాళ్ళు లోపలికెళ్ళారు.”

“ఇప్పుడు గదే మిమ్మల్ని పట్టిచ్చింది.”

“అవును.”

“మేడమ్, మీరు ఆ ఒక్క ముక్క చెప్పేయొచ్చు కదా?”

కాఫీ కప్పులతో వచ్చిన అమ్మాయి అంది. మనోజ్ఞ. ఐదేళ్ళుగా శ్యామలాదేవి దగ్గర రీసెర్చ్ చేస్తోంది. సన్నగా, మగపిల్లాడిలా పొట్టి జుట్టుతో ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

“ఏ ముక్క పాప?” అన్నాడు నర్సింహ.

“పద్ధతిలోనే తప్పుందని. రోజూ ల్యాబ్‌లో ఉంటారు కాబట్టి అంటుకుందేమో, ఈ టెస్ట్ వంద శాతం కరెక్ట్ కాదని మేడమ్ ఒక్క మాటంటే బెయిల్ వచ్చేస్తుంది సార్. లాయర్ గారు కూడా అదే అన్నారు. వినట్లేదు.”

“అంటే నా పుస్తకం చించేయమంటావా అమ్మడూ?” శ్యామలాదేవి నవ్వబోయింది, కుదరలేదు. “పద్ధతి తప్పు కాదు. వెంట్రుక అబద్ధమాడదు. నేనూ అబద్ధం చెప్పట్లేదు.”

నర్సింహ కాఫీ తాగడం ఆపి ఆ మాటను లోపల ఒకసారి తిప్పి చూసుకున్నాడు. రెండూ నిజమే అయితే ఎక్కడో ఏదో అతుకు ఉండాలి.

“ఈ పాప మీకేమైతది?”

“కూతురనే అనుకోండి. పోయిన ఏడాది నాకు జబ్బు చేసి మంచం పట్టాను. భుజం ఇప్పటికీ పైకి లేవదు. రోజూ పొద్దున్నే యూసుఫ్‌గూడ నుంచి వచ్చి నాకు జడ వేసి, అప్పుడు పనిలో కూర్చుంటుంది. నాకు బాగైతే గుండు ఇస్తానని యాదగిరిగుట్టకి మొక్కుకుందండీ. శ్రావణంలో వెళ్ళి ఇచ్చేసి వచ్చింది. నడుం దాటిన జుట్టు! నేను తిట్టాను కూడా.”

మనోజ్ఞ తల దించుకుని ఖాళీ కప్పులు తీసుకుంది.

“కింద ఒకసారి చూపిస్తవా పాప?” అంటూ నర్సింహ లేచాడు.

కింద గది తాళం మనోజ్ఞే తీసింది. బల్ల, తక్కెడ, గోడ పొడుగునా గాజు అలమర. పై అరలన్నీ ఖాళీ. కింది అరలో మాత్రం ఎర్ర మూతల సీసాలు వరుసగా ఉన్నాయి.

“పైన ఏముండె?”

“ఆకుపచ్చ మూతలవి సార్. ప్యూర్ శాంపిల్స్. తూకం తగ్గింది వాటిలోనే. పోలీసులు అన్నీ పట్టుకెళ్ళారు.”

“మరి ఈ ఎర్రయి?”

జవాబు వెనక నుంచి వచ్చింది. శ్యామలాదేవి గోడ పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగి వచ్చింది.

“అవి కల్తీవండీ. మత్తు ఎక్కువ రావాలని బయట పురుగుమందు కలిపి అమ్ముతారు. పట్టుబడినవి కోర్టు నాకు పంపిస్తుంది. నా పుస్తకంలో ఎనిమిదో అధ్యాయం మొత్తం వాటి గురించే. నాలుగు దమ్ములు లాగి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళున్నారు. అందుకే ఎర్ర మూత. ఈ ఇంట్లో ఎర్ర మూత ముట్టుకోకూడదని గిన్నెలు తోమే మనిషికి కూడా తెలుసు.”

నర్సింహ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అర నిండా సన్నటి దుమ్ము. వరుస మధ్యలో ఒకచోట మాత్రం గుండ్రంగా, శుభ్రంగా ఉంది. ఇన్నాళ్ళూ ఒక సీసా ఉన్న చోటది. ఆ మచ్చ మీద వేలు పెట్టి చూశాడు. దుమ్ము అంటలేదు.

“గీడ ఒకటి లేదు.”

“అది కూడా పోలీసులే తీసుకెళ్ళుంటారు సార్,” అంది మనోజ్ఞ.

నర్సింహ ఏదో అడగబోయాడు. ఈలోగా బయట జీపు ఆగింది.

ఆరు కాకముందే వచ్చేశాడు రఘునందన్. వెనక ఓ లేడీ కానిస్టేబుల్, పేరు పద్మప్రియ. నర్సింహని చూడగానే ఇన్‌స్పెక్టర్ మొహంలో నవ్వు పూసింది.

“ఏంటి నర్సింహా, పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలు బాగా తగ్గిపోయాయా? డాక్టర్ల ఇళ్ళ మీద పడ్డావు?”

“ఏడ తగ్గినయ్ సార్! మీ బిడ్డ సంబంధం గూడ నేనే చూసి పెట్టిన గద. పిలగాడు సిగరెట్టు మానిండా?”

పద్మప్రియ మొహం పక్కకి తిప్పుకుంది. రఘునందన్ మీసం ఒకసారి అదిరింది.

“కామెడీ ఆపు. డాక్టరమ్మా, బయల్దేరండి.”

“ఆరు దాక టైమ్ ఇచ్చిన్రు గద సార్. జర రిపోర్టు చూపిస్తరా? అందులో ఏముందో మేడమ్‌కి గూడ ఇయ్యలేదంట, ఆఖరి ముక్కొక్కటే చదివి వినిపిచ్చిన్రంట.”

“చూడు, నీకేం అర్థమవుతుంది?” రఘునందన్ కాగితాలు బల్ల మీద పడేశాడు. “ఆవిడ పద్ధతి, ఆవిడ రాసిన రూల్స్. రెండుసార్లు చేయించాను. ఒంట్లో తయారయ్యే ఆ పదార్థం ఉంది. ఒకరోజు సరదా కూడా కాదు, నెలల తరబడి అలవాటు. దీని మీద పుస్తకాలు రాసి జనానికి నీతులు చెప్పడం! మాలాంటివాళ్ళం ఈవిడ సంతకం చూసి కేసులు పెట్టేవాళ్ళం నర్సింహా. మమ్మల్నే మోసం చేసింది.”

ఆ చివరి మాటలో నిజంగానే బాధ ఉంది. శ్యామలాదేవి వినీ విననట్టు కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది.

నర్సింహకి చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఒక్కో లైను కింద వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు. రెండో పేజీలో వేలు ఆగింది.

“సార్, గిదేంది? ‘రంగు వేసిన ఆనవాళ్ళు లేవు’?”

“లేవంటే లేవు. అయితే?”

“వెంట్రుకలెట్లున్నయంట? ‘నలుపు, జానెడు పొడవు’. జానెడు పొడుగున ఒక్కటన్న తెల్లది లేదు, రంగు గూడ ఎయ్యలే. ఇప్పుడు మేడమ్ దిక్కు చూడుండ్రి. చెవుల కాడ తెలుపు, పాపిట్ల తెలుపు.”

“జుట్టు పైన తెల్లబడుతుంది, కింద పాత నలుపే ఉంటుంది. మా ఇంట్లోనూ అంతే.”

“అన్ని వెంట్రుకలకా సార్? ఒక్కటి గూడ తప్పిపోకుండనా?” నర్సింహ కానిస్టేబుల్ వైపు తిరిగాడు. “చెల్లె, వెంట్రుకలు తీసింది నువ్వే గద. యాడ తీసినవ్?”

పద్మప్రియ ఇన్‌స్పెక్టర్ మొహం చూసింది. అతను చెప్పమన్నట్టు తలాడించాడు.

“జడ కొసన తీసిన అన్నా.”

“జడ కొసనా?” శ్యామలాదేవి చటుక్కున తిరిగింది. “తల వెనక, చర్మానికి ఆనించి కోయాలి కదమ్మా! రూల్స్‌లో మొదటి లైనే అది.”

“నేను ఆడనే తియ్యబోయిన మేడమ్. మీరు తల ఒంచుకొని ఏడుస్తున్నరు. ఈ మేడమే,” అని మనోజ్ఞ వైపు చెయ్యి చూపించింది, “మా మేడమ్‌కి నెత్తి నొప్పి ఉంది, కొసన తీసుకోండి, ఎక్కడ తీసినా ఒకటే అన్నది. జడ గూడ తనే పట్టుకున్నది. చదువుకున్నామె చెప్తుంటె నేనెట్ల కాదంట?”

“కత్తెర చప్పుడు విన్నాను,” శ్యామలాదేవి తనలో తాను అనుకున్నట్టు అంది. “ఎక్కడ కోశారో చూడలేదు.”

ఆ రూల్స్ టైపు చేసింది మనోజ్ఞే.  

నర్సింహ గొంతు తగ్గించాడు. “అమ్మా, ఆడవాళ్ళని అడగరాని మాట. తప్పయితె క్షమించుండ్రి. మీరు సవరం పెట్టుకుంటరా?”

శ్యామలాదేవి మొహం ఎర్రబడింది. ఈ వయసులో, ఇంత చదువు చదివి, నలుగురి ముందు ఒప్పుకోవాల్సిన మాట కాదది.

“జబ్బు చేసినప్పుడు జుట్టంతా ఊడిపోయిందండీ. మిగిలింది ఇంతే.” చిటికెన వేలు చూపించింది. “జడలో మెడ కింద ఉన్నదంతా సవరమే.”

రఘునందన్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“సరే. మా వాళ్ళు తీసింది ఎవరి జుట్టో. ఏ షాపులోనో కొన్న సవరం, ఎవరో తాగినవాళ్ళది. ఈవిడది మళ్ళీ తీస్తాం, క్లీన్ వస్తే వదిలేస్తాం. అంతే కదా? దొంగ మాత్రం దొరకలేదుగా నర్సింహా!”

“ఏ షాపుల కొన్నరమ్మా?”

శ్యామలాదేవి చెయ్యి వెనక్కి పెట్టి జడ విప్పబోయింది. భుజం లేవలేదు. అలవాటు కొద్దీ మనోజ్ఞ ముందుకొచ్చింది.

“నేను తీస్తాను మేడమ్.”

“వద్దు.”

ఆ ఒక్క మాటతో మనోజ్ఞ ఉన్నచోటే ఆగిపోయింది. పద్మప్రియ వచ్చి పిన్నులు తీసింది. నల్లగా, ఒత్తుగా ఉన్న సవరం శ్యామలాదేవి ఒళ్ళోకి జారింది. ఆమె మెడ మీద తెల్లటి పోగులు నాలుగు మిగిలాయి. ఒక్కసారిగా పదేళ్ళు ముసలిదైనట్టు కనిపించింది.

“కొన్నది కాదండీ,” అంది. “గుట్టకి వెళ్ళేముందు పార్లర్‌లో జడ కోయించి, దాన్ని సవరం చేయించి తెచ్చింది. ‘దేవుడికి గుండు, మీకు జడ మేడమ్’ అంది. ఆ రోజు నేను ఏడ్చాను. కన్నపిల్లలు కూడా చేయరని మా చుట్టాలందరికీ ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను.”

గదిలో అందరి కళ్ళూ మనోజ్ఞ పొట్టి జుట్టు మీదికి వెళ్ళాయి.

“శ్రావణం,” అంది శ్యామలాదేవి. “ఆషాఢంలో నేనే చెప్పాను నీకు. ఇక్కడ పనిచేసే అందరికీ వెంట్రుక పరీక్ష పెట్టించబోతున్నానని. చెప్పింది నీ ఒక్కదానికే. గుండు నా జబ్బు కోసం కాదు.”

“మేడమ్...”

“పాత జుట్టు పోతే కొత్త జుట్టులో ఏమీ ఉండదు. అప్పటికి నువ్వు మానేసి ఉంటావు. తెలివైనదానివి, నేనే నేర్పాను. కానీ ఆ జుట్టు తగలబెట్టేయకుండా నాకెందుకు తెచ్చిచ్చావే? దాచుకోవడానికి నీకు నా నెత్తే దొరికిందా?”

మనోజ్ఞ గోడకి ఆనుకుని అలాగే కూలబడింది.

“దాచడానికి ఇవ్వలేదు మేడమ్, ఒట్టు! అది ప్రేమతోనే ఇచ్చాను. మీరు అద్దంలో చూసుకోవడం మానేశారని... పోలీసులు వచ్చేదాకా నాకు ఆ ఆలోచనే లేదు. కత్తెర తీయగానే భయమేసింది. మీ నిజం జుట్టు క్లీన్ అని తేలితే, తాళాలున్నది నా దగ్గరే కదా, ఇంక మిగిలేది నేనే. ఆ క్షణంలో నోటికొచ్చేసింది, కొసన తీసుకోండని.”

“ఆ క్షణం సరే. తర్వాత ఇన్ని రోజులు? ఇవాళ పొద్దున కూడా అదే సవరం పెట్టి నాకు జడ అల్లావు.”

“మీరు పద్ధతి తప్పని చెప్పేస్తారనుకున్నా. బయటపడిపోతారనుకున్నా. మీరెందుకు చెప్పలేదు మేడమ్?”

“తప్పు కాదు కనుక,” అంది శ్యామలాదేవి. “చూడు, నీ సంగతి ఎంత సరిగ్గా చెప్పిందో.”

రఘునందన్ బల్ల మీది కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. 

నర్సింహకి మాత్రం ఇంకొకటి నలుగుతూనే ఉంది. “పాప, శ్రావణం నుంచి నువ్వు మానేసినవ్. సీసలల్ల సరుకు మాత్రం మొన్నటి తూకం దాక తగ్గింది. ఎవరికిచ్చినవ్?”

“నిఖిల్‌కి.” మోకాళ్ళలో మొహం పెట్టుకునే చెప్పింది. “సినిమాల్లో అసిస్టెంట్ డైరెక్టర్ సార్. మొదట వాడే అలవాటు చేశాడు. మానేశాక, ఇవ్వకపోతే మీ మేడమ్‌కి చెప్తానని... ఇవాళ పొద్దున కూడా వచ్చాడు. ఏమీ లేదు, పోలీసులు అంతా ఊడ్చుకెళ్ళారని చెప్పాను. నమ్మలేదు. ఇవాళ వాళ్ళ సినిమాకి గుమ్మడికాయ కొడుతున్నారట. షూటింగ్ అయిపోయిన పార్టీ, ఏదో ఒకటి కావాలన్నాడు.”

“ఆడు వచ్చినప్పుడు నువ్వేడున్నవ్?”

“పైన. మేడమ్‌కి జడ వేస్తున్నా.”

“ఆడు?”

మనోజ్ఞ తలెత్తింది. “కింద కూర్చున్నాడు. ల్యాబ్‌లో.”

నర్సింహ మెల్లగా ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు.

“సార్, మీరు ఎర్ర మూత సీస తీస్కపోయిన్రా?”

“లేదయ్యా. ఎర్రవి ముట్టుకోవద్దని డాక్టరమ్మే అరిచింది. ఆకుపచ్చవి మాత్రమే తీసుకున్నాం.”

అలమర కింది అరలో ఆ గుండ్రటి మచ్చ, దుమ్ము లేకుండా, మెరుస్తూ ఉంది.

“ఫోన్ చెయ్యి,” అన్నాడు నర్సింహ. “స్పీకర్ పెట్టు. జల్ది!”

రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తారు. ఈలలు, డప్పులు, గుమ్మడికాయ పగిలిన చప్పుడు, చప్పట్లు.

“మనో! ఎక్కడున్నావే? ఫిలింనగర్ బంగళాలోనే, మేడ మీద ఉన్నాం, వచ్చేయ్. సరుకు లేదని అబద్ధాలు చెప్తావా? అలమర నిండా పెట్టుకుని! అందరం ఇప్పుడే చుట్టడం మొదలెట్టాం.”

శ్యామలాదేవి ఒళ్ళోని సవరం కింద పడేసి, ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

“నిఖిల్, నేను డాక్టర్ శ్యామలాదేవిని. అది ముట్టించకు. అందులో పురుగుమందు కలిసి ఉంది. నాలుగు దమ్ములకే ఊపిరి ఆగిపోతుంది. అక్కడున్న అందరికీ చెప్పు. నా మాట విను నాయనా!”

అవతల పెద్ద నవ్వు.

“ఒరేయ్, లైన్లో ఎవరనుకున్నార్రా? గంజాయి మేడమ్! పొద్దున టీవీలో చూశాం కదా, ఆవిడే! వాటా కావాలంట!”

గంజాయి మేడమ్, గంజాయి మేడమ్ అని మేడ మీద అందరూ కలిసి అరిచారు. రఘునందన్ తల దించుకున్నాడు.

“కంగారు పడకండి మేడమ్, మీ జైలుకి పార్సిల్ పంపిస్తాం లెండి.”

అగ్గిపుల్ల గీసిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఫోన్ కట్ అయింది.

మళ్ళీ చేశారు. స్విచాఫ్.

నర్సింహ, రఘునందన్ ఒకేసారి గుమ్మం వైపు పరుగెత్తారు. అప్పటికే శ్యామలాదేవి వాకిట్లో ఉంది. మెడ మీద నాలుగు తెల్ల వెంట్రుకలు చెదిరిపోతుండగా, లేవని భుజంతో జీపు తలుపు లాగుతోంది.

“ఇన్‌స్పెక్టర్ గారూ, నా మాట వాళ్ళు నమ్మరు,” అంది. “మీరొచ్చి చెప్పండి.”